హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్

హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనేది రక్తంలోని వివిధ రకాల హీమోగ్లోబిన్లను వాటి విద్యుదావేశంలోని భేదాలను బట్టి వేరుచేసే ప్రయోగశాల పరీక్ష. కొడవలి కణ రక్తహీనత (సికిల్ సెల్ ఎనీమియా), థలసీమియా వంటి వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణకు ఇది తోడ్పడుతుంది.

చరిత్ర

విద్యుత్ క్షేత్రంలో బంకమట్టి కణాలు కదలటాన్ని ఫెర్డినాండ్ రాయిస్ 1807లో మాస్కోలో గమనించాడు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్ 1937లో రూపొందించిన పరికరంతో రక్తరసిలోని ప్రోటీన్లను ఆల్బుమిన్, ఆల్ఫా, బీటా, గామా గ్లోబులిన్లుగా వేరుచేయగలిగాడు. ఈయనకు 1948లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఈ పద్ధతి ద్వారానే కొడవలి కణ రోగుల హీమోగ్లోబిన్ ఆవేశం సాధారణ హీమోగ్లోబిన్ ఆవేశానికి భిన్నమని నిరూపించారు. ఒక వ్యాధికి మూలం ఒక అణువులోని మార్పేనని తెలిపిన తొలి ఉదాహరణ ఇది. ఆ మార్పు గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ చేరడమేనని వెర్నన్ ఇంగ్రామ్ 1957లో కనుగొన్నాడు.

సూత్రం

క్షార బఫర్ ద్రావణంలో (పి.హెచ్. సుమారు 8.6) హీమోగ్లోబిన్ రుణావేశం కలిగి ధనధ్రువం వైపు కదులుతుంది. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, వేలిన్‌కు ఆవేశం ఉండదు. అందువల్ల హీమోగ్లోబిన్-ఎస్ రుణావేశం తగ్గి, సాధారణ హీమోగ్లోబిన్-ఎ కంటే నెమ్మదిగా కదులుతుంది. ధనధ్రువం వైపునుండి ఎ, ఎఫ్, ఎస్, ఎ2 అనే వరుసలో పట్టీలు ఏర్పడతాయి.

పద్ధతి

ఎర్ర రక్తకణాలను కడిగి, పగులగొట్టి, వచ్చిన ద్రావణాన్ని సెల్యులోజ్ ఎసిటేట్ పొరపై సన్నని గీతగా ఉంచుతారు. పొర రెండు చివరలు బఫర్ తొట్లకు తగిలేలా అమర్చి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. తరువాత పొరకు రంగు వేసి, పక్కనే ఉంచిన తెలిసిన నమూనా పట్టీలతో పోలుస్తారు.

ఫలితాలు, పరిమితులు

వాహకులలో ఎ, ఎస్ రెండు పట్టీలూ కనిపిస్తాయి. వీరిలో ఎ పాలే ఎక్కువ. కొడవలి కణ రక్తహీనత రోగులలో ఎ పట్టీ ఉండదు. ద్రావణీయతా పరీక్ష హీమోగ్లోబిన్-ఎస్ ఉన్నదని మాత్రమే చెప్పగలదు, వాహకులను రోగులనుండి వేరు చేయలేదు. ఈ తేడా ముఖ్యమైనది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం.

రోగికి ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే దాత హీమోగ్లోబిన్-ఎ కనబడి ఫలితం తప్పుదారి పట్టవచ్చు. నవజాత శిశువులలో ఎఫ్ రకమే అధికం కాబట్టి ఫలితాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. హీమోగ్లోబిన్-డి కూడా ఎస్ ఉన్నచోటనే ఆగుతుంది. ఈ రెంటినీ వేరుచేయడానికి ఆమ్ల బఫర్‌లో సిట్రేట్ అగార్‌పై మరొక పరీక్ష చేస్తారు.

భారతదేశంలో

భారతదేశంలో హీమోగ్లోబిన్-ఎస్ ఉనికిని 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. 2023లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ పరిధిలోని 17 రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. వ్యాధి నిర్ధారణకు ఎలక్ట్రోఫోరెసిస్‌తో పాటు ద్రవ క్రొమటోగ్రఫీ (హెచ్.పి.ఎల్.సి.) పద్ధతిని కూడా వాడుతున్నారు.