మీగడ మొదలుకొని క్రీము దాక

2003వ సంవత్సరమున లండను మహానగరములో, థేమ్సునదికి దక్షిణముననున్న సదర్కు పేటయందు, క్రొత్త కట్టడములకై నేల త్రవ్వుచుండగా, రోమకులనాటి దేవాలయ శిథిలముల నడుమ మూత బిగించిన చిన్న తగరపు డబ్బా యొకటి బయటపడినది. దాని అడ్డుకొలత ఆరు సెంటీమీటర్లు. మూత తీసి చూచినవారికి లోపల తెల్లని లేపనమును, ఆ లేపనమునందు దానిని కడసారి తీసికొన్నవారి వ్రేళ్ళజాడలును కనబడినవి. క్రీస్తుశకము రెండవ శతాబ్దినాడు ఎవరో వ్రేలు ముంచి, ముఖమునకు పూసికొని, మరునాడు మరల తీయవచ్చునను నమ్మకముతో మూతపెట్టిన యా డబ్బాను తెరచుటకు పద్దెనిమిది వందల యేండ్లకు పైబడి పట్టెను. ఈ సంగతి చదివిన నాటినుండి ముఖమునకు పూయు పూతల చరిత్ర నన్ను వదలలేదు.

2004లో బ్రిస్టలు విశ్వవిద్యాలయమువారు తమ పరీక్షల ఫలితమును ప్రకటించిరి. ఆ లేపనమున పశువుల కొవ్వును, పిండిపదార్థమును, తగరపు ఆక్సైడును ఉన్నవి. వారు తామును అవే దినుసులతో లేపనము చేసి చేతికి రాచుకొని చూడగా, అది మొదట జిడ్డుగా నుండి, కొవ్వు కరగిన పిమ్మట పిండివలన నునుపుదేరినదట. కొవ్వు చర్మమును మెత్తపరచుటకు, తగరపు ఆక్సైడు ముఖమును తెల్లగా చూపుటకు. తెలుపునకై సీసపు పొడిని వాడుచుండిన కాలమున ఎవరో తగరమునకు మరలుట వివేకమే. కాని నా దృష్టి నాకర్షించినది వేఱొకటి. పొడిబారిన చర్మమునకు స్వస్థత కావలెనను కోరికయు, ఉన్న రంగుకన్న తెలుపు కావలెనను కోరికయు, ఆనాడే యొక్క డబ్బాలో చేరి కూర్చున్నవి. నేటికిని వానిని విడదీయలేక మనము చిక్కులు పడుచున్నాము. మంచి క్రీము నెన్నుకొనుటయందు మొదటి పని ఈ రెంటిని విడదీయుటయే యని నా నిశ్చితాభిప్రాయము.

దాదాపు ఆ డబ్బా కాలమునందే, పెర్గమునగరమున 129లో జన్మించి రోమునందు చక్రవర్తులకు వైద్యుడైన గాలెను, తేనెమైనమును ఆలివునూనెలో కరగించి, అందు కొంచెము కొంచెముగా నీరు చేర్చి మెదుపుచు నొక లేపనము చేసెను. చర్మమున రాచినంతనే అందలి నీరు ఆవిరియై చల్లదనము నిచ్చును. మైనమును నూనెయు పైన నిలిచి కాపుగాయును. నేటి కోల్డుక్రీమునకు అదియే మూలము. ఈ కీర్తిని గాలెనుకు చెల్లించునప్పుడు మన శతధౌతఘృతమును మరచుట న్యాయము కాదు. రాగిపళ్ళెరమున ఆవునెయ్యి వేసి, నీరు పోసి, రాగిచెంబు అడుగుతో రాచవలెను; కొంతసేపటికి ఆ నీరు వంపి, క్రొత్తనీరు పోసి, మరల రాచవలెను; ఇట్లు నూరుసార్లు. రాచుచుండగా మొదట పసుపుఛాయ పోవును, పిమ్మట పూస విరిగిపోవును, కడపట నెయ్యివాసన అణగి, వెన్నకన్న తెల్లనై, వ్రేలికంటినచో జారక చల్లగా నిలుచు మెత్తని ముద్ద మిగులును. విసర్పమను చర్మరోగమున పుట్టు మంటకు దీనిని పూయవలెనని చరకసంహిత విధించినది. వేయిసార్లు కడిగిన సహస్రధౌతఘృతమును గూడ అదే గ్రంథము పేర్కొనినది. నెయ్యిలో నీరు సన్నని బిందువులై యిమిడి నిలుచుటయే ఇందలి మర్మము. గాలెను మైనపుసాయమున సాధించినదానిని మనవారు చేతిరాపిడితోను ఓర్పుతోను సాధించిరి. అభ్యంగమును ప్రశంసించుచు, నూనె పట్టించిన కుండయు, తోలును, బండియిరుసును గట్టిపడినట్లు శరీరమును దృఢమగునని ఆ సంహితయందే కలదు. తోలునకును బ్రతికియున్న చర్మమునకును గల భేదము తేటపడుటకు మాత్రము ఇరువదవ శతాబ్ది నడిమి భాగము రావలసివచ్చెను.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన కాలమునకు వత్తును. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేయ్‌స్ అను పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయలను కన్నులార చూచి, ఆయన నడిమితరపు పొడవరి యనియు, కొంచెము స్థూలకాయుడనియు, ముఖమున మశూచిమచ్చలు గలవాడనియు వ్రాసెను. ఆముక్తమాల్యద రచించినవాని ముఖమున మచ్చలుండెనని చదివినప్పుడు ఆయనయం దాదరము నాకు ఇనుమడించినది. ఆ యాత్రికుడే రాయల దినచర్యను వర్ణించెను: తెల్లవారకమునుపే అరలీటరుకు కొంచెము తక్కువగా నువ్వులనూనె త్రాగి, అదే నూనెను ఒడలంతయు పట్టించుకొని, మొలకు చిన్నగుడ్డ మాత్రము చుట్టి, మట్టితో చేసిన పెద్ద బరువుల నెత్తి, పిమ్మట కత్తిపట్టి, పట్టించిన నూనె యంతయు చెమటతో వెడలువరకు సాముచేసి, మల్లునొకనితో కుస్తీపట్టి, గుర్రమెక్కి తెల్లవారుదాక మైదానమున పరుగులు తీయించి, అటుపిమ్మటనే ఆ మహారాజు స్నానమునకు పోవువాడట. స్నానము చేయించుటకు ప్రత్యేకముగా నొక బ్రాహ్మణుడు నియుక్తుడై యుండెను. ఈ క్రమమును నేను ఎన్నియోమార్లు తలపోసితిని. ముందు నూనె, దానిక్రింద చెమట, ఆపైన నీరు. చెమటలో సహజముగా నుండు యూరియాయు, లాక్టికు ఆమ్లమును నేడు పొడిచర్మపు క్రీములలో ప్రత్యేకముగా కొని కలుపుచున్నారు; రాయల మేనున అవి సాములోనే సమకూడెడివి.

ఆ నగరపు శరీరసంస్కారములను గూర్చి చెప్ప మొదలిడిన నాకు తనివి తీరదు. అంతకు చాల ముందుగనే, 1443లో, పారసీక రాయబారి అబ్దుర్రజాకు అక్కడి అంగళ్ళలో గులాబీలు రాసులుగా అమ్ముట చూచి, ఈ జనులు పూవులు లేనిదే బ్రతుకలేరేమో యని వ్రాసికొనెను. రాయల ఆస్థానకవి పెద్దన మనుచరిత్రకథను నడిపించినది సైతము ఒక లేపనమే! సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని ప్రవరుడు క్షణములో హిమాలయమునకు పోవుటయు, అది మంచునీటికి కరగిపోగా తిరిగిరాలేక చిక్కువడుటయు తెలుగువారెల్ల ఎఱిగినదే. సిద్ధుడు ఆ మందును నూనెతోనో మైనముతోనో మెదిపియున్నచో మంచునీటికి కరగియుండదు. ప్రవరుడు సుఖముగా ఇల్లు చేరియుండును. తెలుగుసాహిత్యమునకు వరూధిని దక్కియుండదు.

కళింగజైత్రయాత్రలో రాయలు 1516లో మా సింహాచలమునకు వచ్చి నరసింహస్వామికి ఆభరణములు సమర్పించినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. ఆ స్వామియు ఏడాది పొడవున పూతలోనే యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రము నిజరూపదర్శన మిచ్చి, ఆ రాత్రినుండి ఆషాఢపూర్ణిమలోపల నాలుగు విడతలుగా మూడేసి మణుగుల చందనము ధరించును. చందనము చల్లనిది, కాని అది ఆరునప్పుడు చర్మమును బిగించి తడిని పీల్చును. ఉగ్రమూర్తికి తగిన యా పూత పొడిముఖమునకు ఒంటిగా తగదు. మీగడయో వెన్నయో కలిపి మెదిపినచో అది వేఱుమాట.

విజయనగరము కూలిన రాక్షసితంగడి యుద్ధమునకు పిమ్మట మూడువందల యేండ్లు ఇంటింట మీగడయు, మంచినూనెయు, సున్నిపిండియు మన ముఖములను కాపాడినవి. విశాఖపట్టణపు జిల్లాలో పెరిగి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరమున పుష్యమాసము వచ్చెననగా మన్యపుకొండలమీదినుండి పొడిగాలి దిగును. అదే చెరకు నరకు కాలము, బెల్లము వండు కాలము. గానుగకడ పెనముప్రక్కన పొగకును సెగకును కూర్చున్నవారి చెక్కిళ్ళు సాయంకాలమునకు తెల్లగా పొట్టురేగును. మా మామ్మ అట్టి దినములలో అరచేత నాలుగుచుక్కల మంచినూనె వేసికొని, అంతే నీరు చిలుకరించి, రెండు అరచేతులును గట్టిగా రాచి, అది పాలవలె తెల్లబడిన తరువాత ముఖమున అద్దుకొనెడిది. నేను పొడిముఖమునకు వట్టి నూనె పూసికొనుచుండగా చూచినచో ఊరకుండెడిది కాదు. “తడిమీద రాయరా నాయనా, పొడిమొహానికి రాస్తే జిడ్డే మిగుల్తాది!” అని కేకవేసెడిది.

సీసాలకాలము అటుపిమ్మట వచ్చినది. 1859లో పెన్సిల్వేనియా నూనెబావులకడకు పోయిన రాబర్టు చీజ్‌బ్రో అను యువకుడు, త్రవ్వకపు కడ్డీలకు అంటుకొను మైనమువంటి మడ్డిని పనివారు తమ గాయములకు రాచుకొనుట చూచి, దానిని శుద్ధిచేసి, 1872లో వాజిలిను పేర హక్కు పొందెను. గొఱ్ఱెయున్నిలోని జిడ్డునుండి లానోలిను వచ్చినది. దానివలన నూనెలో నీటిని చిరకాలము నిలుపుట సాధ్యమైనది. ఆ మార్గముననే 1911లో హాంబర్గునగరమున నీవియా పుట్టినది. మన యిండ్లలో మాత్రము రాజ్యమేలినది స్నో. 1892లో బరోస్ వెల్కం వారు హేజలిన్ స్నోను తెచ్చిరి. 1919లో బొంబాయినుండి పటన్‌వాలాగారి ఆఫ్ఘన్ స్నో వెలువడినది. 1929లో కలకత్తానుండి గౌరమోహన దత్తుగారి బోరోలిను వచ్చినది.

స్నోను గూర్చి నాకొక నొప్పి కలదు. స్టియరికు ఆమ్లమును కొంచెము క్షారముతో కలిపి, మిక్కుటముగా నీరు చేర్చి చేసెడి యా తెల్లని నురుగు, ముఖమున పూసినంతనే మాయమై, జిడ్డు లేని పలుచని పొర మిగుల్చును. ఉక్కపోతలో జిడ్డుముఖమువారికి అది హాయి. కాని మన తల్లులు చలికాలమున పగిలిన చెక్కిళ్ళకు సైతము, నాగరికమను భ్రమతో, మీగడ మాని దానిని పూసిరి. చర్మము మఱింత బిగుసుకొనినది. దానితోపాటు తెల్లదనపు ఆశయు మరల డబ్బాలో దూరినది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని తెలుపును విడుచుటకు 2020 దాక పట్టెను. శతధౌతఘృతము చేయు చేతులను పోగొట్టుకొని మనము కొనితెచ్చుకొన్నది ఇదియా యని తలచినప్పుడు మనస్సు కలుక్కుమనును.

1952లో అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అను శాస్త్రజ్ఞుడు కాలి ఆనెలనుండి తీసిన ఎండుచర్మపు తునకలతో పరీక్షలు చేసి యొక సత్యమును వెల్లడించెను. ఎండిన తునకను నూనెలో ఎంతకాలము నానబెట్టినను అది పెళుసుగానే యుండెను. నీరు తగిలినంతనే మెత్తబడి వంగెను. పైచర్మమును మెత్తపరచునది నూనె కాదు, నీరు. నూనెచేయు పని ఆ నీటిని పోనీయకుండుట. తోలునుగూర్చి చెప్పిన ప్రాచీనుల మాట తోలువరకు సత్యమే, బ్రతికియున్న చర్మమునకు మా మామ్మ మాటయే సత్యము. ఆనాటినుండి క్రీములయందు మూడు పనులు వేరుపడినవి: గ్లిసరిను, యూరియాలవంటివి నీటిని పట్టితెచ్చును, సెరమైడులు, కొవ్వు ఆమ్లములు కణముల నడుమ సందులు పూడ్చును, వాజిలినువంటివి పైన మూతవేయును. ఈ మూతవేయుటయందు వాజిలినును మించినది లేదు. చర్మమునుండి ఆవిరియగు నీటిలో నూటికి 98 వంతులదాక అది యాపగలదు. నూనెలును అన్నియు నొక్కటి కావు. 2013లో షెఫీల్డున జరిగిన పరీక్షలో గాలెను మెచ్చిన ఆలివునూనె చర్మపు కట్టుబాటును సడలించగా, ప్రొద్దుతిరుగుడు నూనె దానిని చెడనీయలేదు.

చెరకుదేశమున నుండి ఈ మాటయు చెప్పకుండలేను. మన ముఖపుజిడ్డులో సహజముగా నుండు స్క్వాలీను అను నూనెను 1906లో జపానుదేశపు ట్సుజిమోటో సొరచేప కాలేయములో కనుగొనెను. దానినుండి చేయు స్క్వాలేనుకై ఎన్ని సొరచేపలు చచ్చినవో! నేడు బ్రెజిలులో చెరకుచక్కెరను పులియబెట్టి, దానినుండియే స్క్వాలేనును తీయుచున్నారు. మా చోడవరమున చెరకుబండ్లు కదలునప్పుడెల్ల నాకు ఈ సంగతియే జ్ఞప్తికి వచ్చుచుండును. మన రైతు చెరకునకును ఇట్టి గౌరవము కలుగవలెనని నా గాఢమైన కోరిక.

పొడిముఖమువారు దుకాణమున డబ్బాను త్రిప్పి వెనుకవైపు చదువవలెను. గ్లిసరినో యూరియాయో మొదటి నాలుగైదు పేర్లలో నుండవలెను. వానివెంట సెరమైడులో, వాజిలినో, షియావెన్నయో ఉండవలెను. పరిమళము లేనిది మేలు. సముద్రపుగాలి తేమగానుండు మా ప్రాంతమున ఏడాదిలో అధికభాగము పలుచని లోషను చాలును; మార్గశిరపుష్యములలో చిక్కని క్రీము కావలెను. ముఖము గోరువెచ్చని నీట కడిగి, ఒత్తి తుడిచి, చర్మమింకను చెమ్మగా నుండగనే పూయవలెను. తెల్లబరచునను మాట డబ్బాపై నున్నచో దానిని అక్కడనే వదలవలెను. మా వీధిలోని యొక బాలిక ఎవరో చెప్పిరని స్టెరాయిడు కలిసిన క్రీమును నెలలతరబడి పూసికొనగా, చెక్కిళ్ళు పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, ఎండపొడకు సైతము మంటతో ఏడ్చెడి స్థితి వచ్చెను. ఇట్టి అనర్థములు పెరిగినందుననే 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడుల పైపూతలను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసించినది. ఏ క్రొత్త క్రీమునైనను మూడునాలుగు దినములు మోచేతి లోపలివైపున రాచి చూచి, మంటయు దద్దురును లేనప్పుడే ముఖమునకు ఎక్కింపవలెను. రెండు వారములు పూసినను పగుళ్ళును పొలుసులును తగ్గనిచో అది వట్టి పొడిదనము కాకపోవచ్చును; అప్పుడు చర్మవైద్యుని చూడవలెను. అందుకు మా వైపువారికి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగము కలదు.