ఆన్‌లైన్ క్విజ్ (కళాశాల విద్య)

పాఠము ముగిసిన వెంటనే గాని, మరుసటి పాఠమునకు ముందు గాని, కళాశాల విద్యార్థులు సెల్‌ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో కొలది ప్రశ్నలకు సమాధానములిచ్చి, తప్పొప్పులను అప్పటికప్పుడే తెలిసికొను లఘుపరీక్షకు ఆన్‌లైన్ క్విజ్ అని పేరు. ఇందు మార్కులు గౌణములు. చదివినదానిని మఱల జ్ఞప్తికి దెచ్చుకొను ప్రయత్నమే జ్ఞాపకమును దృఢపఱచుననునది దీనికి మూలమైన సిద్ధాంతము.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగము దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. ఒకే గద్యభాగమును కొందఱు నాలుగు విడతలు చదువగా, మఱికొందఱు ఒక్క విడత మాత్రమే చదివి, పిదప మూడు పర్యాయములు దానిని చూడకయే జ్ఞప్తికి వచ్చినంత వ్రాసిరి. ఐదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిదప వారికి నూటికి 40 పాళ్లు మాత్రమే మిగులగా, వ్రాసినవారికి 61 పాళ్లు నిలిచెను. విశేషమేమనగా, తమకు చక్కగా గుర్తుండునని హెచ్చుగా నమ్మినవారు పదేపదే చదివినవారే! పరీక్షకు ముందునాటి రాత్రి గైడు తిరగవేసి నిశ్చింతగా నిద్రించు మన విద్యార్థుల ధీమాయు ఇట్టిదే కాబోలు.

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయమున జేమ్స్ పెనబేకర్, శామ్యూల్ గాస్లింగ్ అను ఆచార్యులు 2011లో మొత్తము 901 మంది విద్యార్థులు గల మనస్తత్త్వశాస్త్ర తరగతులలో పాఠము జరుగు ప్రతిదినము ఎనిమిది ప్రశ్నల క్విజ్‌ను ప్రవేశపెట్టిరి. ఏడు ప్రశ్నలు అందఱికిని సమానము. ఎనిమిదవది మాత్రము, ఎవరు పూర్వము ఏ ప్రశ్నకు తప్పు సమాధానమిచ్చిరో వారికి దానినే తిరిగి ఎదుట నిలుపునది. మునుపటి తరగతులతో పోల్చగా మార్కులు పెరుగుటయే గాక, ఆర్థికముగా దిగువ, ఎగువ శ్రేణులకు చెందిన విద్యార్థుల నడుమ నున్న అంతరము సగమునకు తగ్గినదని వారు 2013లో ప్రకటించిరి. వేర్వేరు సంవత్సరముల తరగతులను సరిపోల్చిన అధ్యయనమగుటచే ఈ ఫలితమును కొంత జాగరూకతతోనే గ్రహింపవలెను.

మూడుల్ వంటి సాఫ్ట్‌వేరులు ప్రశ్నల వరుసను మార్చుట, మార్కులు వేయుట మొదలగు శ్రమను తగ్గించును గాని, క్విజ్ యొక్క బలము ప్రశ్న కూర్పులోనే యున్నది. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అత్యున్నత స్థానమును చేరిన క్షణమున దాని త్వరణమెంత యని అడిగినచో, వేగమునకును త్వరణమునకును భేదమెఱుగని విద్యార్థి సున్న యనును. అచ్చట వేగమే సున్న, గురుత్వ త్వరణము యథాతథముగా 9.8 మీటర్లు/సెకను² ఉండునని క్విజ్ తత్క్షణమే వివరించినచో, ఆ తప్పు వానికి పాఠమగును. ఎవ్వరును ఎంచుకొనని తప్పుడు సమాధానములను పక్కన చేర్చిన ప్రశ్న నిష్ప్రయోజనము.

ఇంటియొద్ద వ్రాయు క్విజ్‌ల సమాధానములు వాట్సాప్ గ్రూపులలో చేతులు మారుట అధ్యాపకులెఱిగినదే. అందుకే కాబోలు, తెలుగునాట ఇంజనీరింగు విద్యార్థులును విరివిగా చేరుచున్న ఎన్‌పీటీఈఎల్ అను ఆన్‌లైన్ విద్యాపథకపు పాఠక్రమములలో వారము వారము వ్రాయు అసైన్‌మెంట్లకు నూటికి 25 పాళ్లు మాత్రమే కేటాయించి, తక్కిన 75 పాళ్లను పర్యవేక్షణలో జరుగు తుదిపరీక్షకు ఉంచుట పరిపాటి.