మైల ఎవరికి? విషం ఎవరిది? - బంగారు గనుల పాడునేల చరిత్ర

అనంతపురం చరిత్ర అంటే కరువుల చరిత్ర అనే మనకు నేర్పారు. వాన రాదు, బావి ఎండిపోతుంది, చెనిక్కాయ చేను మాడిపోతుంది, కూలినాలి జనం బెంగుళూరు బస్సెక్కుతారు. ఈ కథలో నేలకు కీడు చేసేది ఎప్పుడూ ఆకాశమే. మనుషులు తవ్వి, పిండుకుని, విషం కలిపి వదిలేసిన నేల సంగతి అందులో రాదు. ఆ నేల కూడా ఈ కరువుసీమలోనే ఉంది. దాని చరిత్రను దళితుల వైపునుంచి చదవాలన్నదే మా ప్రయత్నం.

రామగిరి 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు కంపెనీలు అక్కడ బంగారం తవ్వాయి. 1927 నాటికి గనులు మూసేసి వెళ్ళిపోయాయి. 1980ల్లో ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్ళీ తెరిచింది. 2001లో అదీ మూతపడింది. ఇవాళ రామగిరి గుట్టల మీద గాలిమరలున్నాయి. పైన తిరిగేది కొత్త పరిశ్రమ. కింద మిగిలింది పాత పరిశ్రమ పోసిపోయిన దిబ్బ.

ఈ దిబ్బ ఎట్లా పుట్టింది? బంగారపు రాయిని పిండి చేస్తారు. ఆ పిండిని సున్నం కలిపిన సైనైడు నీళ్ళతో తడుపుతారు. బంగారం కరిగి నీళ్ళలోకి దిగుతుంది. దాన్ని జింకుతో బయటికి లాగుతారు. ఇది 1887లో స్కాట్లండు వాళ్ళు పేటెంటు తీసుకున్న పద్ధతి. టన్ను రాయికి దొరికేది కొద్ది గ్రాములే. మిగతాదంతా పిండిగా బయట పోస్తారు. ఎండకు సైనైడు కొంతకాలానికి విరిగిపోతుందనేది నిజమే. కానీ రాతిలో గంధకపు ఖనిజాలుంటే గాలీ నీళ్ళూ తగిలి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం లోహాలను కరిగించి నేలలోకి, బావుల్లోకి దించుతుంది. పొడి గాలి వీచే సీమలో సన్న పిండి లేచి ఇళ్ళమీద పడుతుంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. మాదిగల లందలో కూడా సున్నమే వాడేవాళ్ళు. సున్నం నీళ్ళలో తోలు నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్కతో వూనేవాళ్ళు. వూరికి చెప్పులూ, మోట బొక్కెనలూ ఆ లందలోంచే వచ్చాయి. అయినా వూరు లందను మైల అంది. లందను మాత్రమే కాదు, లందలో చెయ్యి పెట్టిన మనిషినీ, వాని బిడ్డనూ, బిడ్డ తాగే చెంబునూ మైల అంది. అదే కంపెనీ సైనైడు దిబ్బ పోస్తే దాన్ని మైల అన్నవాళ్ళు లేరు. కంపెనీ దొరను బావి దగ్గర నిలబడొద్దన్న వాళ్ళూ లేరు. మైల మనిషికి పుట్టుకతో అంటుకుంది, విషం మాత్రం చేసినవాడికి అంటుకోలేదు. ఈ దేశంలో కాలుష్యం గురించి మాట్లాడే ఎవరైనా మొదట ఈ తేడాకు జవాబు చెప్పాలి.

రామగిరి సంగతి పూర్తిగా అర్థం కావాలంటే అదే సంస్థ నడిపిన పెద్ద గనికి, కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు పోవాలి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం ఆ గనులను చేతికి తీసుకున్నాయి. భారత్ గోల్డ్ మైన్స్ 1972లో ఏర్పడింది. మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగినవాళ్ళెవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు వైపునుంచి వెళ్ళిన ఆది ద్రావిడులు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు కూడా ఆ ఉత్తర ఆర్కాటులోదే. వూళ్ళో వెట్టి తప్పించుకోడానికి పాతాళానికి దిగిన జనం వాళ్ళు. రాతిపొడి వాళ్ళ ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆ జబ్బు పేరు సిలికోసిస్.

వాళ్ళు ఉత్త బాధితులే అనుకుంటే పొరపాటు. 20వ శతాబ్దం మొదట్లోనే అయోతిదాసు బౌద్ధ ఉద్యమానికి మారికుప్పంలో శాఖ పెట్టుకున్నారు. నేరస్తుల్లాగ వేలిముద్రలు తీసుకోడానికి వీల్లేదని 1930లో 21 రోజులు సమ్మె చేశారు. మనువు పెట్టిన మైలనూ, కంపెనీ వేసిన ముద్రనూ రెంటినీ కాదన్న జనం వాళ్ళు.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. పని పోయింది, దిబ్బలు మిగిలాయి. మొత్తం 13 దిబ్బలు. వాటిలో సుమారు 3.3 కోట్ల టన్నుల పిండి. గనికార్మికుల పిల్లలు ఇవాళ తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనికి పోతున్నారు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం, సుమారు 1,003 ఎకరాల్లోని ఆ దిబ్బల్ని మళ్ళీ తవ్వి బంగారం తీయాలన్న కేంద్ర ప్రతిపాదనకు ఒప్పుకుంది. ఇంకో పక్క గని సంస్థల దగ్గరున్న ఖాళీ భూమిలో పారిశ్రామిక వాడ పెట్టాలన్న మాట నడుస్తోంది. అంటే నేలను రెండు లెక్కలు వేశారు. దిబ్బలో బంగారమెంత? ఖాళీ జాగా ఎన్నెకరాలు? ఆ దుమ్ము ఇన్నేళ్ళు ఎవరు పీల్చారు, ఆ బావి నీళ్ళు ఎవరు తాగారు అన్న మూడో లెక్క మంత్రివర్గాల బల్ల మీదికి ఎక్కదు.

చట్టం చూద్దాం. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నియమాలు తెచ్చింది. జిల్లా అధికారులు అనుమానం ఉన్న స్థలాల్ని ఆరునెలలకోసారి జాబితా చేయాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేసి, అవసరమైతే ఇంకో 90 రోజుల్లో పూర్తి సర్వే చేయాలి. పాడుచేసినవాడే ఖర్చు పెట్టుకోవాలి. వినడానికి బాగుంది. కానీ గని తవ్వకాలవల్ల పాడైన నేలకు వేరే చట్టాలున్నాయని చెప్పి దాన్ని ఈ నియమాల్లోంచి తీసేశారు. వేరే విషాలు కూడా కలిసి హద్దు దాటితే తప్ప ఇవి వర్తించవు. కోలారు, రామగిరి దిబ్బలు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. గుమ్మం బయట నిలబెట్టడం మనకు కొత్తేం కాదు.

అమెరికాలో 1982లో నార్త్ కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీలో విషపు మట్టి పాతిపెట్టడానికి ప్రభుత్వం నల్లవాళ్ళ వూరినే ఎంచుకుంది. వాళ్ళు లారీలకు అడ్డంగా రోడ్డుమీద పడుకున్నారు. 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసి, విషపు కుప్ప ఎక్కడుంటుందో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే గట్టి గుర్తని చూపించింది. అట్లాంటి లెక్క మనకు కావాలి. ఏ దిబ్బకు ఏ పేట ఎంత దూరమో, ఆ పేట ఏ కులానిదో రాసిన పటం కావాలి.

అందుకే మేం అడిగేవి ఇవి. గని దిబ్బల్ని కలుషిత స్థలాల నియమాల కిందికి తేవాలి. సర్వే అంటే మట్టీ నీళ్ళూ పరీక్ష చేయడంతో అయిపోదు, పాత కార్మికుల మాటను కూడా సాక్ష్యంగా రాసుకోవాలి. దిబ్బ తవ్వేముందు దుమ్ము ఎవరి ఇంటిమీద పడుతుందో చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాగుచేసిన నేలలో మొదటి హక్కు ఆ నేల పాడవుతుంటే ఊపిరి పోగొట్టుకున్న వాళ్ళదే కావాలి. విషం ఉన్నన్నాళ్ళు మన జనాన్ని పక్కన కాపురం ఉంచి, శుభ్రమయ్యాక కంపెనీకి రాసిస్తామంటే అది అభివృద్ధి కాదు, వెట్టికి కొత్త పేరు.

రామగిరి చుట్టుపక్కల బడుల్లో చదువు చెప్పే మిత్రులు, విద్యార్థులు ఈ పని మొదలుపెట్టొచ్చు. గనిలో దిగినవాళ్ళు ఇంకా మన పేటల్లో ఉన్నారు. వాళ్ళు బతికుండగానే అడగాలి, రాయాలి.