ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఎన్నికల నోటీసు కథ

ఈ ఎపిసోడ్‌లో ఎన్నికల గురించి మాట్లాడుకుందాం. ఎవరు గెలిచారు, ఎవరికి ఎన్ని సీట్లు వచ్చాయి అనేది మీకు రీల్స్‌లో బోలెడంత దొరుకుతుంది, దాన్ని పక్కన పెడదాం. ఎమ్మార్వో ఆఫీసులోనో కలెక్టరేట్‌లోనో గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది చూడండి, చిన్న చిన్న అక్షరాలతో. మనం దాని ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళిపోతాం, ఆగి చదవం. అదే ఎన్నికల నోటీసు. అది ఆ గోడ మీదకి రావడం వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మీ ఓటు సంగతి కూడా ఉంది, అందుకే చివరిదాకా ఉండండి.

పూర్వం ఊళ్ళో ఏ కబురైనా దండోరా వేసి చెప్పేవాళ్ళు. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా" అని. ఇప్పుడు ఆ మాట వింటే మనకి నవ్వొస్తుంది, పాత సినిమాలో కామెడీ సీన్‌లా అనిపిస్తుంది. కానీ అందులో ఒక్క పదం పట్టుకోండి. యావన్మంది. అంటే ప్రతి ఒక్కరికీ. ఊరి పెద్దకి ఒక్కడికే చెప్తే కుదరదు, ఊరి చివర గుడిసెలో ఉన్న మనిషి చెవిన కూడా పడాలి. ఎన్నికల నోటీసుకి మూలం ఈ పదమే.

ఇక అసలు కథలోకి వద్దాం. మన ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. అంటే గణతంత్ర దినానికి సరిగ్గా ఒక్క రోజు ముందు. అందుకే 2011 నుంచి జనవరి 25ని జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ ఏడాది మార్చిలో సుకుమార్ సేన్ అనే ఐసీఎస్ అధికారి మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. ఆయన ముందున్న పని ఏంటో తెలుసా? 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. వాళ్ళలో నూటికి దాదాపు 85 మందికి చదువు రాదు. ఇప్పుడు చెప్పండి, నోటీసు గోడకి అంటిస్తే ఎవరు చదువుతారు?

అక్కడే గుర్తు అనే ఆలోచన బలంగా పనిచేసింది. మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించారు. ఓటరు తన కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. అంటే గుర్తు కూడా ఒక రకం నోటీసే, అక్షరం రానివాళ్ళకి అర్థమయ్యే నోటీసు. ఓటు ఎలా వెయ్యాలో చూపిస్తూ ఒక డాక్యుమెంటరీ తీసి దేశంలో 3,000కి పైగా సినిమా హాళ్ళలో వేశారు. అలా 1951 అక్టోబర్ 25న మొదలైన పోలింగ్ 1952 ఫిబ్రవరి దాకా సాగింది.

అయితే ఇంతకన్నా కష్టమైన పని ఒకటి దానికి ముందే జరిగింది. అదే ఓటర్ల జాబితా. ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాసుకుంటుంటే, ఉత్తరాదిలో చాలా చోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. పరాయి మగాడికి పేరు చెప్పడం ఆచారం కాదు. "ఫలానావాడి తల్లి", "ఫలానాయన భార్య" అని రాయించారు. సుకుమార్ సేన్ దీనికి ఒప్పుకోలేదు. ఓటు మనిషిది, కాబట్టి ఆ మనిషి పేరే ఉండాలి అన్నారు. సరిచేసుకోడానికి గడువు కూడా పెంచారు. అప్పటికీ పేరు చెప్పనివాళ్ళ ఎంట్రీలు తీసేశారు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు అలా జాబితాలో లేకుండా పోయారు.

ఇది కరెక్టా, తప్పా? రెండు వైపులా వాదించొచ్చు. 28 లక్షల మందికి ఆ ఎన్నికలో ఓటు పోయింది, అది చిన్న విషయం కాదు. కానీ "ఫలానావాడి భార్య" అనే రాతతో సర్దుకుపోయి ఉంటే, ఆ ఆడమనిషి ప్రభుత్వం దృష్టిలో ఎప్పటికీ ఒక పేరున్న వ్యక్తి అయ్యేది కాదు. తర్వాతి ఎన్నికలకి పరిస్థితి చాలా వరకు మారింది, పేర్లు వచ్చాయి. ఈ 28 లక్షల సంఖ్యని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు కొంచెం లెక్కలు. భయపడకండి, వేళ్ళ మీద చేసే లెక్కలే. ఎన్నికల సంఘం ప్రెస్ మీట్ పెట్టి తేదీలు చెప్పగానే మనం "నోటిఫికేషన్ వచ్చేసింది" అనేస్తాం. కానీ అది ప్రకటన మాత్రమే. నోటిఫికేషన్ వేరు, అది గెజిట్‌లో రావాలి. లోక్‌సభకైతే రాష్ట్రపతి పేరుతో, అసెంబ్లీకైతే గవర్నర్ పేరుతో వస్తుంది. అది రాగానే రిటర్నింగ్ అధికారి పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. నామినేషన్ ఎక్కడ వెయ్యాలి, ఎప్పటిలోగా వెయ్యాలి అన్నీ అందులో ఉంటాయి. మనం మొదట్లో చెప్పుకున్న గోడ మీది కాగితం ఇదే.

2024 ఎన్నికలు తీసుకుందాం. మార్చి 16న ప్రకటన వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలకి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. నామినేషన్లకి ఆఖరి రోజు ఏప్రిల్ 25, అంటే ఏడో రోజు. మర్నాడు 26న పరిశీలన. ఉపసంహరణకి రెండో రోజు 28 అవ్వాలి, కానీ అది ఆదివారం, అందుకే 29. అక్కడి నుంచి సరిగ్గా పద్నాలుగో రోజు మే 13, పోలింగ్. ఈ తేదీలు ఎవరో క్యాలెండర్ చూసి ఇష్టమొచ్చినట్టు పెట్టినవి కావు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఈ గడువులున్నాయి. ఉపసంహరణ అయ్యాక కనీసం 14 రోజులు ఉండాలి. 1996కి ముందు ఇది 20 రోజులు.

ఎందుకింత పట్టింపు? ఒక్కసారి ఆలోచించండి. "ఎల్లుండి ఎన్నిక, రేపు నామినేషన్" అంటే ఎవరు పోటీ చెయ్యగలరు? ముందే కబురు తెలిసినవాళ్ళు, డబ్బు రెడీగా ఉన్నవాళ్ళు. ఊళ్ళో ఒక టీచరమ్మో, ఒక రైతో నిలబడాలంటే టైం కావాలి. అధికారంలో ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే రోజున, ఒకే కాగితం. నోటీసు పని అది.

ఈ నోటీసునే ఆయుధంగా వాడుకున్న ఊరు మన దగ్గరే ఉంది. నల్లగొండ. 1952లో ఇక్కడి నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళారు, అది ఒక చరిత్ర. రెండోది 1996లో జరిగింది. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్. ఎముకలు వంగిపోయిన పిల్లలు, నడుం నిలబడని పెద్దవాళ్ళు. ఎంతమందికి చెప్పుకున్నా పట్టించుకోలేదు. అప్పుడు వాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్ళి నామినేషన్లు వేశారు. పోటీలో ఉన్న అభ్యర్థుల జాబితా బయటికొచ్చింది. మొత్తం 480 మంది! బ్యాలెట్ పేపర్‌ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి మాట్లాడుకుంది. ప్రభుత్వం జనానికి నోటీసు ఇవ్వడం మనకి తెలుసు, నల్లగొండ జనం ప్రభుత్వానికే నోటీసు ఇచ్చారు.

అదే ఏడాది చట్టం మారింది. లోక్‌సభకి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 అయింది. గుర్తింపు లేని పార్టీలవాళ్ళకీ, స్వతంత్రులకీ పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. అయినా 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఇదే దారిలో వెళ్ళారు. అక్కడ 185 మంది బరిలో నిలిచారు, ఎక్కువమంది రైతులే.

సరే, ఇప్పుడు సభల సంగతి. ఎన్నికలొస్తే మైకులు, ర్యాలీలు, సభలు. వీటికి రూల్స్ ఎక్కడ పుట్టాయంటే కేరళలో, 1960 అసెంబ్లీ ఎన్నికలప్పుడు. అంతకుముందు ఏడాదే అక్కడి ప్రభుత్వాన్ని రద్దు చేశారు, రాష్ట్రం అట్టుడుకుతోంది. ఊరేగింపులు ఎలా చెయ్యాలి, సభలు ఎలా పెట్టాలి, ఉపన్యాసాల్లో ఏ హద్దు దాటకూడదు అని పార్టీలకి ఒక నియమావళి తయారైంది. 1962లో ఎన్నికల సంఘం దాన్ని దేశమంతా పంపింది. అదే ఈరోజు మనం "కోడ్ వచ్చింది" అంటామే, ఆ కోడ్. అధికార పార్టీకి పగ్గాలు వేసే భాగం 1979లో చేరింది. 1990 డిసెంబర్‌లో టి.ఎన్. శేషన్ వచ్చాక ఆ కాగితానికి కోరలు మొలిచాయి. కోడ్ పెట్టారంటే విగ్రహాలకి గుడ్డ కట్టడం, ఫ్లెక్సీలు పీకేయడం మీరు చూసే ఉంటారు.

ఆ కోడ్‌లో సభల గురించి ఏముందో చూడండి. సభ ఎక్కడ, ఎన్ని గంటలకి అని పోలీసులకి ముందే తెలియజేయాలి. ఊరేగింపు ఏ దారిన వెళ్తుందో ముందే చెప్పాలి. మైదానం అధికార పార్టీ సొత్తు కాదు, మిగతావాళ్ళకీ అవే షరతుల మీద ఇవ్వాలి. ఇప్పుడు సువిధ అనే పోర్టల్‌లో ఎవరు ముందు అప్లై చేస్తే వాళ్ళకే గ్రౌండ్. ఇంకో పార్టీ సభని చెడగొడితే చట్టప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఇక పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు అన్ని సభలూ బంద్. మైకులు ఆగిపోయి, ఓటరు తనంతట తను ఆలోచించుకునే టైం అది.

ఇక్కడి దాకా పార్టీలకి, అభ్యర్థులకి సంబంధించిన నోటీసులు చెప్పుకున్నాం. ఇప్పుడు మీకు రావాల్సిన నోటీసు గురించి. ఆ 28 లక్షల సంఖ్య గుర్తుందా?

1994లో ఢిల్లీలో, ముంబైలో కొన్ని బస్తీలవాళ్ళని మీరు పౌరులని రుజువు చేసుకోండి అన్నారు. అప్పటికే జాబితాలో పేర్లున్నవాళ్ళు, అంతకుముందు ఓట్లేసినవాళ్ళు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో కోర్టు తేల్చి చెప్పింది. జాబితాలో ఒకసారి చేరిన పేరుని ఊరికే కొట్టేయడానికి లేదు. ఆ మనిషికి నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈరోజుకీ మీ ఓటుకి పెద్ద రక్షణ అదే.

మరి ఆచరణలో? 2018 డిసెంబర్ తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు గుర్తు చేసుకోండి. పోలింగ్ బూత్‌కి వెళ్తే పేరు లేదు! బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని ట్విట్టర్‌లో పెట్టారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కానీ పోలింగ్ అయిపోయాక క్షమాపణ వస్తే ఏం లాభం? ఆ ఓటు తిరిగి రాదు కదా.

2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగింది. ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారా, వలస వెళ్ళారా, రెండు చోట్ల పేరుందా, ఎవరికి ఏ కారణం? ఆ వివరం జనానికి కనపడలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. తీసేసిన పేర్లన్నీ కారణంతో సహా వెబ్‌సైట్‌లో పెట్టండి, కార్డు నంబర్ కొడితే దొరకాలి. అక్కడితో ఆగలేదు. పంచాయతీ ఆఫీసుల్లో, బ్లాక్ ఆఫీసుల్లో కూడా ఆ జాబితా అంటించమంది. అంటే 2025లో కూడా, ఇన్ని యాప్‌లు వచ్చాక కూడా, చివరికి గోడ మీద కాగితమే దిక్కైంది. ఎందుకంటే ఫోన్ అందరి చేతిలో లేదు. యావన్మంది అన్నాక యావన్మందీ.

మన చేతిలో ఫోన్ ఉంది కాబట్టి మన పని తేలిక. ఎన్నికల సంఘం సైట్‌లో మీ పేరు ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు చూసుకుంటే అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది. పోలింగ్ రోజున చూసుకుంటే ఉండేది కోపం ఒక్కటే. మీ పేరుతో పాటు అమ్మమ్మ పేరు, తాతయ్య పేరు, పక్కింట్లో ఫోన్ వాడటం రాని పెద్దమ్మ పేరు కూడా చూడండి. మొదటి ఎన్నికలకి ముందు అధికారి ఇంటికొచ్చి "అమ్మా, నీ పేరేంటి" అని అడిగాడు. ఇప్పుడు ఆ ప్రశ్న మనమే అడిగి, ఆ పేరు జాబితాలో ఉందో లేదో వెతకాలి.