బువ్వన్న గారి అమ్మాయి

మండపేటలో భవానీశంకరం అనే గృహస్థు ఉండేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు. ఊరు పెట్టిన పేరు 'బువ్వన్న'. గుమ్మంలోకి ఎవరొచ్చి అడిగినా ఇంత బువ్వ పెట్టి పంపేవారట, అందుకని. 1841లో ఆయనకు పుట్టిన ఆడపిల్లే లంకల గన్నవరం కోడలై, డొక్కా సీతమ్మగా గోదావరి జిల్లాలంతటా తెలిసిన మనిషైంది. సీతమ్మగారిని 'అపర అన్నపూర్ణ' అనడం మనకు అలవాటు. నన్నడిగితే అన్నపూర్ణ కంటే బువ్వన్నే పెద్ద బిరుదు. మొదటిది పురాణంలోంచి అరువు తెచ్చిన పేరు. రెండోది ఆకలితో వచ్చినవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని వెళ్తూ పెట్టిన పేరు.

బువ్వంటే పిల్లల భాషలో అన్నం అని చెప్పి నిఘంటువులు ఊరుకుంటాయి. నిజమే, పళ్లు రాని నోటికి కూడా పలికే మాట అది. కానీ ఆ మాట పసిపిల్లల దగ్గర ఆగిపోలేదు. కొబ్బరి చిప్పలో ఇసక పోసి అన్నమనీ, గడ్డిపూలు తుంచి కూరనీ ఆడపిల్లలు ఆడుకునేది బువ్వాలాట. పెళ్లిలో వధూవరులు దగ్గరి చుట్టాలతో కలిసి కూర్చుని తినేది బువ్వపు బంతి, కొన్నిచోట్ల బూవపు బంతి. చేలోంచి వచ్చిన మనిషి గడప దాటుతూనే 'ఇంత బువ్వెయ్యవే' అన్నాడంటే అది ముద్దుమాట కాదు. 'ఆ చదువు బువ్వ పెడుతుందా?' అని తాతగారు అడిగితే ఆ బువ్వకు అర్థం బతుకుతెరువు.

తెలంగాణలో, రాయలసీమలో పెద్దవాళ్లు కూడా రోజూ వాడే మాట ఇది. గోదావరి మర్యాదస్తుడు మాత్రం ఇంటికొచ్చినవాణ్ని బువ్వ తింటారా అని అడగడు. 'కాస్త ఎంగిలిపడి వెళ్లండి' అంటాడు, లేదా 'రెండు ముద్దలు తిని వెళ్దురుగాని' అంటాడు. రెండు ముద్దలని పిలిచి, మారు వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే జాతి అది.

ఈ మర్యాదంతా తిండి పుష్కలంగా ఉండబట్టే వచ్చిందనుకుంటాం. లెక్కలు అలా చెప్పవు. సీతమ్మ పుట్టడానికి దాదాపు పదేళ్ల ముందు, 1832-33లో, నందన నామ సంవత్సరం. గుంటూరు సీమను ఊడ్చేసిన ఆ కరువును జనం డొక్కల కరువు అన్నారు. డొక్కలు తేలిన మనుషులే ఎటు చూసినా. పక్కనే గోదావరి పారుతున్నా రాజమండ్రి జిల్లాకూ దెబ్బ తప్పలేదు. వానలు లేక ఓ ఏడు, వరదొచ్చి ఓ ఏడు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. 1821లో 7.38 లక్షలున్న జిల్లా జనాభా ఇరవై ఏళ్లు తిరిగేసరికి 5.61 లక్షలకు దిగిపోయింది. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లలో ఊళ్లొదిలి పోయినవాళ్లెందరో. కరువు పేరు డొక్కలు, తర్వాతి తరంలో అన్నం పెట్టిన తల్లి ఇంటిపేరు డొక్కా. కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ తర్వాతి కథ స్కూలు పిల్లలకూ తెలుసు. 1844లో ఆర్థర్ కాటన్ నివేదిక రాశాడు, 1847లో పని మొదలైంది, 1852లో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరాలను కలుపుతూ ఆనకట్ట లేచింది. మండపేటలో బువ్వన్న గారి అమ్మాయికి అప్పటికి పదకొండేళ్లు. లంకల గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి 49 ఖానాల అక్విడక్టు కట్టి నగరం లంకకు నీళ్లిచ్చారు. నది మీద నది పారుతోందని జనం వింతగా చెప్పుకున్నారు. 1876-78లో దక్షిణాదినంతా మాడ్చిన మహా కరువు నాటికి గోదావరి డెల్టా తాను తినడమే కాదు, ధాన్యం పడవలకెత్తి బయటికి పంపింది.

అయితే ధాన్యం వేరు, బువ్వ వేరు. గాదె నిండితే వీధిలోవాడి కడుపు నిండదు. వరి ఊడ్చి, కోసి, కుప్ప నూర్చిన పాలేరు ఇంట్లో చోడి అంబలే రోజువారీ తిండి. వరన్నం పండగ నాటి మాట. ఉన్న వరన్నాన్ని గింజ పారెయ్యకుండా తినే తెలివి మాత్రం అన్ని ఇళ్లలోనూ ఉండేది. వంటింటి మూల తరవాణి కుండ. వార్చిన గంజి అందులో పోస్తూ పోతే పులిసి కలి అవుతుంది. ఉప్పు, కాస్త వాము, దబ్బాకు తుంచి వేస్తారు. రాత్రి మిగిలిన అన్నం అందులో పడితే తెల్లారేసరికి మెతుకు ఉబ్బి, పుల్లటి వాసన గుమ్మం దాకా వస్తుంది. నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయో, ఆవకాయ బద్దో. ఇప్పుడు దీన్ని ప్రోబయోటిక్ అని హోటళ్లలో మట్టి ముంతల్లో అమ్ముతున్నారు. అమ్ముకోనివ్వండి, కలి పులవడం వాళ్లు కనిపెట్టింది కాదు.

ఇక దారినపోయేవాడి సంగతి. ఆ రోజుల్లో బాటసారికి చేతిలో డబ్బుంటే పూటకూళ్ల ఇల్లు. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు పెట్టి కొడుకును చదివించింది. ఆ కొడుకు రాజమండ్రి వచ్చి చదువుకుని, తర్వాత ఆ ఊరి మునిసిపల్ ఛైర్మనయ్యాడు. డబ్బులేని బ్రాహ్మణ కుర్రాళ్లకు వారాలు, సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. ఏ వారమూ దొరకనివాళ్ల మాటేమిటి? రేవు దాటేసరికి చీకటి పడ్డ పడవ ప్రయాణికుల మాటేమిటి? కోనసీమ లంకల్లో అప్పుడు రోడ్లెక్కడివి? గోదావరి పాయలు దాటుకుంటూ అంతర్వేది తీర్థానికి పోయేవాళ్లు గన్నవరం చేరేసరికి నకనకలాడే కడుపుతో చేరేవాళ్లు. సీతమ్మగారి ఇల్లు ఉన్నది అక్కడ.

ఆమె ఆ ఇంటికి రావడానికి కారణమూ ఓ పూట భోజనమేనంటారు. లంకల గన్నవరం నుంచి పండిత సభకు వెళ్లి తిరిగొస్తున్న డొక్కా జోగన్న, మధ్యాహ్నం వేళ మండపేటలో బువ్వన్న గారింట ఆగారు. అప్పటికే తల్లిని పోగొట్టుకున్న సీతమ్మ చిన్నతనంలోనే ఇంటి బరువు నెత్తికెత్తుకుంది. వడ్డించిన తీరు చూసి, ఈ పిల్లే మా ఇంటికి రావాలనుకున్నారట జోగన్న. వియ్యం అందుకున్న ఇల్లు కలిగిన ఇల్లు, వ్యవసాయం ఉంది. నిత్యాన్నదానానికి ఆ ధాన్యమే ఆధారం. కులం అడగకుండా, వేళ చూడకుండా పెట్టిందని చెప్పుకుంటారు. పంక్తి భేదాలు నిప్పులా ఉన్న 19వ శతాబ్దపు అగ్రహారపు సీమలో ఒక బ్రాహ్మణ ఇల్లాలు ఆ పని చేసిందంటే, దానికి బంధువుల్లో ఎన్ని మూతివిరుపులు ఎదురై ఉంటాయో ఊహించుకోవచ్చు. ఏ జీవిత కథా వాటిని రాయదు. మహనీయుల కథల్లో మనం ఎప్పుడూ పెట్టిన చేతినే చూపిస్తాం, అడ్డుపడ్డ చేతుల్ని చూపించం.

రెండు కథలు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ వినిపిస్తాయి. ఏళ్ల తరబడి ఇల్లు కదలని సీతమ్మ ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో ఓ కుటుంబం 'ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింట తిందాం' అని పిల్లల్ని ఊరడించడం చెవిన పడింది. తీర్థం మానేసి వెనక్కి తిరిగింది. రెండోది ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకు ఆమెను పిలవడం, ఆమె రాననడం, చివరికి ఫొటో అయినా ఇవ్వమని అధికారులు బతిమాలి తీయించుకోవడం. జనం రెండో కథను గర్వంగా చెబుతారు. నాకు మొదటిదే ముఖ్యం. చక్రవర్తి పిలిస్తే వెళ్లకపోవడానికి పట్టుదల చాలు, సగం దారిలోంచి దేవుణ్ని వదిలి రావడానికి వేరే ఏదో కావాలి.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ కన్నుమూసింది. గన్నవరంలో వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఇప్పుడామె పేరే.

బువ్వ పండించే సీమ కష్టం మాత్రం తీరలేదు. పశ్చిమ గోదావరి మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధనా స్థానం ఉంది. అక్కడ పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతా పాకింది. ఇంత విత్తనం ఇచ్చిన డెల్టాలోనే 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు నాట్లు మానేసి పంట విరామం ప్రకటించారు. కౌలు కట్టి, ఎరువు కొని, కూలీలకిచ్చాక రైతుకు మిగిలేది ఊకేనన్న మాట అప్పుడు ఊరూరా వినిపించింది.

ఇక బడుల సంగతి. 2003 జనవరిలో మన ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. 2020లో దాన్ని గోరుముద్ద అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనమైంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ పెడుతున్నారు. పేర్లు రెండూ మంచివే. పేరు మార్చడం తేలిక, పప్పు చిక్కబరచడమే కష్టం. మీ ఇంటి పిల్లో, మీ వీధి పిల్లలో అక్కడ తింటుంటే, ఒక మధ్యాహ్నం వీలు చూసుకుని బడికి వెళ్లండి. హెడ్మాస్టరు గారిని అడిగి పిల్లల పక్కన కూర్చుని మీరూ తినండి. మెతుకు ఉడికిందా, పప్పు నీళ్లోడుతోందా, మారు అడిగిన పిల్లకు పెడుతున్నారా చూడండి. బాగుంటే వండిన ఆవిడకు ఆ మాట చెప్పండి, బాగోకపోతే అక్కడే అడగండి.