రోలెక్స్ సెల్లిని: బంగారు వాచీల మరుగున పడిన చరిత్ర

చొక్కా కఫ్ కింద ఉబ్బు కనబడకుండా ఇమిడిపోయేటంత పలుచగా, ఎక్కువగా బంగారు కేసుతో, తోలు పట్టీతో, సమయం చెప్పడానికి మించి ఏ హంగూ పెట్టుకోకుండా తయారయ్యే చేతి గడియారాన్ని డ్రెస్ వాచీ అంటారు. జెనీవాలోని రోలెక్స్ సంస్థ ఈ కోవ వాచీలను దశాబ్దాలుగా చేస్తూ వచ్చినా, నీటిలో మునిగినా చెడని ఉక్కు వాచీలతోనే ఆ పేరు ముడిపడిపోవడం వల్ల, దాని సెల్లిని శ్రేణి చాలాకాలం సేకర్తల చూపుకు ఆనలేదు.

ఈ నిరాదరణకు మూలం ఆ సంస్థ సాధించిన విజయాలలోనే ఉంది. 1905లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి వ్యాపారం ప్రారంభించిన హాన్స్ విల్స్‌డార్ఫ్, 1908లో రోలెక్స్ అన్న పేరును నమోదు చేయించి, 1926లో వెనుక మూతనూ కీ తిప్పే కిరీటాన్నీ మరలతో బిగించి నీరు చొరకుండా చేసిన ఆయిస్టర్ కేసును విడుదల చేశాడు. మరుసటి ఏడాది ఇంగ్లిష్ చానెల్‌ను ఈదబోయిన మెర్సిడెస్ గ్లైట్జ్ ఆ వాచీని వెంట తీసుకెళ్లగా, ఆయన దానిని పత్రికలో పెద్ద ప్రకటనగా మలిచాడు. 1931లో చేతి కదలికకే కీ ఎక్కే పర్‌పెచ్యువల్ యంత్రం వచ్చింది. అయితే మరల బిగింపుకు మందమైన కేసు కావాలి, తనంతట కీ ఎక్కించే రోటర్‌కు యంత్రం పైన చోటు కావాలి. సంస్థకు కీర్తి తెచ్చిన ఈ రెండూ వాచీని లావు చేసేవే కనుక, పలుచని వాచీ చేయాలంటే సంస్థ తన గొప్పతనాన్ని పక్కనపెట్టి పనిచేయవలసి వచ్చేది.

అలా చేసినప్పుడు దాని చేతికి ఎంత స్వేచ్ఛ దొరికేదో 1928 నాటి ప్రిన్స్ వాచీ చూపుతుంది. నిలువుగా సాగిన దీర్ఘచతురస్రాకారపు కేసులో పై సగాన గంటలు, నిమిషాలు, కింది సగాన విడిగా ఒక పెద్ద సెకన్ల వలయం అమర్చడంతో, ఏ ముల్లూ అడ్డురాకుండా సెకన్లు లెక్కించే వీలు కలిగి, నాడి చూసే వైద్యులకు అనువైనదిగా పేరుపొంది అది ‘డాక్టర్ల వాచీ’ అనిపించుకుంది. పక్క అంచులు లోపలికి వంపు తిరిగిన బ్రాంకార్డ్ రకం, రెండు రంగుల బంగారాన్ని చారలుగా పేర్చిన రకం నేటికీ సేకర్తలు ముచ్చటపడేవి.

1960ల దశకంలో వచ్చిన కింగ్ మైడాస్ ఈ స్వేచ్ఛకు పరాకాష్ఠ. తరువాతి కాలంలో రాయల్ ఓక్, నాటిలస్ వాచీలకు రూపమిచ్చిన జెరాల్డ్ జెంటా దీని రూపశిల్పి అని ప్రసిద్ధి. ఐదు పలకల ఈ బరువైన బంగారు వాచీలో కిరీటం ఎడమవైపు ఉండగా, గొలుసు కేసుతో ఏకఖండంలా కలిసిపోతుంది. ఎల్విస్ ప్రెస్లీ వద్ద ఇలాంటిది ఒకటి ఉండేది. ఆ దశాబ్దం చివరికి రూపుదిద్దుకున్న డ్రెస్ వాచీల శ్రేణికి, ఫ్లారెన్సు నగరంలో 1500లో పుట్టిన స్వర్ణకారుడు, పెర్సియస్ కంచు విగ్రహ శిల్పి బెన్వెనూటో సెల్లిని పేరు పెట్టారు. యంత్రాన్ని కాక బంగారుపనిని ముందు నిలిపే వాచీలకు ఒక స్వర్ణకారుని పేరు పెట్టడం ఎంతో ఉచితమైన ఎంపిక. గుండ్రం, చతురస్రం, కోడిగుడ్డు ఆకారం, అసమాన రూపాలు అన్నీ ఆ శ్రేణిలో కనిపిస్తాయి, చేతితో కీ ఇచ్చే పలుచని యంత్రాలు వాటిలో ఎక్కువ.

2005లో ప్రిన్స్ వాచీ సెల్లిని పేరుతో మళ్లీ వచ్చినప్పుడు, యంత్రం కనబడేలా వెనుక మూతకు అద్దం పెట్టి, డయల్ మీది నమూనానే యంత్రపు పలకల మీదా చెక్కారు. మూతను మూసే ఉంచడం అలవాటైన సంస్థ అలా చేయడం విశేషమే. 2014లో శ్రేణి మొత్తాన్ని 39 మిల్లీమీటర్ల గుండ్రని రూపానికి తెచ్చి, తనంతట కీ ఎక్కే యంత్రాలు అమర్చారు. పాత వైవిధ్యం అక్కడితో ముగిసిందని చెప్పక తప్పదు. 2023లో 9.5 మిల్లీమీటర్ల మందం గల పర్‌పెచ్యువల్ 1908 ఆ స్థానంలోకి వచ్చింది.

పాత సెల్లినీలను సేకరించేవారు యంత్రంకన్నా ముందు కేసునే చూస్తారు. బంగారం మెత్తని లోహం కనుక, ప్రతిసారీ మెరుగు పెట్టినప్పుడు పలుచని కేసు అంచుల పదును కొంత అరిగిపోతుంది, ఒకసారి పోయిన లోహం తిరిగి రాదు. ఆ అరుగుదలను పట్టించేది హాల్‌మార్క్, అంటే లోహపు స్వచ్ఛతను ధ్రువీకరించే ముద్ర. స్విస్ ముద్రలలో 1995కు ముందు 18 క్యారెట్ల బంగారానికి హెల్వేషియా అనే స్త్రీమూర్తి తల, 14 క్యారెట్లకు ఉడుత వాడేవారు, ఆ తరువాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. భూతద్దంలో ఆ తల గీతలు స్పష్టంగా కనిపిస్తే కేసు దాదాపు తొలి రూపంలో ఉన్నట్టు, కేవలం మచ్చగా మిగిలితే దుకాణం బల్ల మీద ఎన్నోసార్లు మెరుగుకు గురైనట్టు లెక్క. ఉక్కు క్రీడా వాచీల ధరలు ఆకాశాన్నంటిన కాలంలోనూ ఈ బంగారు వాచీలు తరచు వాటికన్నా తక్కువకే దొరికేవి కాబట్టి, ముద్ర చెదరని ఒక్కదాని కోసం ఓపికగా వెతికే సేకర్తకు తగిన ఫలితమే దక్కేది.