హుదైబియా గుడారంలో సంభాషణ



సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులోనూ, పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలలోనూ షిఫ్టులు చేసే మన ఇళ్ళలో భర్త చేరేసరికి భార్య నిద్రిస్తుంటుంది. ఆమె లేచేసరికి అతడు నిద్రిస్తుంటాడు. మిగిలే మాటలు బియ్యం, అద్దె, పిల్లల ఫీజులు. తగవుతో నా వద్దకు వచ్చే దంపతులను, ‘తీరికగా మాట్లాడుకున్నది ఎప్పుడు?’ అని అడిగితే చాలామంది తల దించుకుంటారు. బయటి బాధను ఇంట్లో చెప్పకపోవడమే మగతనమని మనవాళ్ళ భావన. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో గాని, సీరత్ నుంచి మాత్రం రాలేదు.

హిజ్రీ 6, అంటే క్రీ.శ. 628. ఉమ్రా సంకల్పంతో బయలుదేరిన సుమారు 1400 మంది సహాబాలను ఖురైషులు హుదైబియా వద్ద అడ్డగించారు. ఆ ఏడు కాబా దర్శనం లేకుండానే తిరిగిపోవాలన్నది ఒడంబడికలో ఒక షరతు. సంకెళ్ళతో పారిపోయి వచ్చిన అబూ జందల్ (రజి)ను కళ్ళెదుటే తిరిగి అప్పగించవలసి వచ్చింది. అందరి గుండెలూ పగిలాయి. ‘లేచి ఖుర్బానీ ఇవ్వండి, తల గొరిగించుకోండి’ అని దైవప్రవక్త (సఅసం) మూడుసార్లు ఆదేశించారు. ఒక్కరూ లేవలేదు!

అప్పుడాయన తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గుడారంలోకి వెళ్ళి, జనం వల్ల తమకు కలిగిన బాధను ఆమెకు చెప్పుకున్నారు. వహీ అందుకునే ప్రవక్త సైతం మనసులోని బరువును భార్య ముందు దించారు. ఆమె జనాన్ని నిందించలేదు, ఊరడింపు మాటలతో సరిపెట్టనూలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తమ ఖుర్బానీ తాము ఇచ్చి, క్షురకుణ్ణి పిలిపించుకోమన్నారు. ఒకప్పుడు హిజ్రత్ దారిలో బంధువులు ఆమెను భర్త అబూ సలమా (రజి) నుంచి, కన్నబిడ్డ నుంచి వేరు చేశారు. దాదాపు ఏడాది ఆమె విలపిస్తూ గడిపారు. ఆశాభంగం పొందిన మనిషికి ఆజ్ఞ చెవికెక్కదని ఆమె అనుభవంతోనే ఎరుగుదురని నేననుకుంటాను.

ఆయన అలాగే చేశారు. చూసిన సహాబాలు ఒక్కసారిగా లేచారు. విజ్ఞురాలైన స్త్రీని సంప్రదించడం ధర్మసమ్మతమని ఈ హదీసు వ్యాఖ్యలో ఇబ్నె హజర్ (రహ్) రాశారు.

వినడంలోనూ ఆయన అంతే. పదకొండుగురు స్త్రీలు తమ భర్తల గుణగణాలు చెప్పుకున్న పొడవైన కథను హజ్రత్ ఆయిషా (రజి) చెబుతుంటే ఆసాంతం విన్నారు. ‘ఉమ్మె జర్అకు అబూ జర్అ ఎలాంటివాడో నీకు నేను అలాంటివాణ్ణి’ అన్నారు. ఆమె అలకను ఒట్టు పెట్టే తీరును బట్టే గుర్తించేవారు: ప్రసన్నంగా ఉంటే ‘ముహమ్మద్ ప్రభువు సాక్షి’ అనేవారు, కోపంగా ఉంటే ‘ఇబ్రాహీమ్ ప్రభువు సాక్షి’ అనేవారు. ఆ మాట ఆయన చెప్పగా ఆమె ఒప్పుకున్నారు; అయితే అప్పుడు కూడా తాను విడిచిపెట్టేది ఆయన పేరును మాత్రమేనన్నారు.